చంటిగాడి ముప్పై మూడు గంటలు

గుండ్లవాగు పురపాలక సంఘం పరిధిలో కుక్కను పెంచుకోవాలంటే ముందు ఆలోచించాలి. ఇది సలహా కాదు, రూలు. ఆలోచించినట్టు కాగితం కూడా చూపించాలి. వీధుల్లో తిరిగే మామూలు కుక్కలకి ఈ బెడద లేదు. వాటి గురించి ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు, ఆలోచించమని పైనుంచి ఉత్తర్వూ రాలేదు. నలభై అయిదు కిలోలు దాటిన కుక్కలకే ఈ నియమావళి వర్తిస్తుంది. ఊరు మొత్తం మీద అలాంటి కుక్క ఒక్కటే ఉంది. ఒక్కదాని కోసం నియమావళి ఎందుకండీ అని మీరు అడగొచ్చు. అడిగినవాళ్ళు లేకపోలేదు. "రెండోది వచ్చేనాటికి మనం సిద్ధంగా ఉండాలి కదా!" అన్నారు కమిషనర్ త్రివిక్రమరావుగారు.

ఆ ఒక్క కుక్క పేరు చంటి. గ్రేట్ డేన్ జాతి, అరవై ఎనిమిది కిలోలు. ఊరి బయట ప్లాట్లు వేసిన ఒకాయన, వెంచర్ గేటు దగ్గర దర్జాగా ఉంటుందని చేతిసంచీలో పట్టేంత పిల్లప్పుడు తెచ్చుకున్నాడు. ముద్దొచ్చి చంటి అని పేరు పెట్టాడు. ఏడాది తిరిగేసరికి వాడు గేటు మీంచి తల పెట్టి రోడ్డు చూడటం మొదలెట్టాడు. ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్ళు కార్లు దిగకుండానే వెనక్కి తిప్పేసేవారు. చంటిగాడు ఎవర్నీ ఏమీ అన్నది లేదు పాపం, పలకరిద్దామని నాలుగడుగులు వేసేవాడు, అంతే. ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టి, ఒకరోజు పొద్దున్నే ఆ పెద్దమనిషి వాడిని తెచ్చి మున్సిపల్ ఆఫీసు గేటుకి కట్టేసి, మెడలో "సంబంధిత విభాగమునకు" అని ఒక అట్ట తగిలించి తన దారిన తను పోయాడు.

సంబంధిత విభాగం ఏదో తేలడానికి నాలుగు రోజులు పట్టింది. పారిశుధ్యం వాళ్ళు, ఇది చెత్త కాదు, మాది కాదన్నారు. పార్కుల వాళ్ళు, ఇది మొక్క కాదన్నారు. చివరికి జనన మరణాల రిజిస్టర్ చూసే సీనియర్ అసిస్టెంటు దైవాధీనంగారికి అప్పజెప్పారు. జీవి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రాక తప్పదని వాదన.

కమిషనర్‌గారు సరిగ్గా ఆ వారమే రాజధానిలో "ముందుచూపు పరిపాలన" మీద మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. శిక్షణలో ఇచ్చిన బ్యాగు ఇంకా భుజాన ఉంది. గేటు దగ్గర ఆగి, అట్ట చదివి, పేరు అడిగి తెలుసుకున్నారు.

"చూశారా? అరవై ఎనిమిది కిలోల జీవికి చంటి అని నామకరణం! ఆ మనిషి ఒక్క పూట ముందుగా ఆలోచించి ఉంటే ఈ పేరు పెట్టేవాడా? ఈ గేటుకి కట్టేవాడా? సమస్త అనర్థాలకీ మూలం ఆలోచన లేని ఆచరణ."

సిబ్బంది అంతా తలలూపారు. వారం తిరిగేసరికి "భారీ శునక దత్తత (ముందస్తు ఆలోచన) నియమావళి" అచ్చయి వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అందులో రాసినవేవీ తప్పు కాదు. అంత పెద్ద కుక్కని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు ఆలోచించాల్సిన అంశాలు పదకొండు ఇచ్చారు: చోటు, తిండి, పట్టి ఆపగల బలం, ఇరుగుపొరుగు, ఎండాకాలం, కీళ్ళ నొప్పులు, చొంగ, తోక విసురు, వైద్యుడి దగ్గరికి మోసుకెళ్ళే దారి, మనం ఊరెళ్తే చూసేవాళ్ళు, చివరిది ఆయుర్దాయం. మనిషన్నవాడు తప్పకుండా ఆలోచించాల్సినవే. చిక్కల్లా ఏమిటంటే, ఒక్కో అంశం మీద మూడేసి గంటలు ఆఫీసులోనే కూర్చుని ఆలోచించాలన్నారు. మొత్తం ముప్పై మూడు గంటలు. ఇంటి దగ్గర ఆలోచించినవి చెల్లవు.

ఇందుకోసం పాత రికార్డు గది ఖాళీ చేసి, రెండు బెంచీలు, ఒక ఫ్యాను పెట్టి, తలుపు మీద "ఆలోచనా మందిరం" అని రాయించారు. దైవాధీనంగారు ఆలోచన పర్యవేక్షణాధికారి అయ్యారు, ఇన్‌చార్జి.

ఇంత ఏర్పాటూ జరిగాక మొదటి దరఖాస్తు పెట్టింది శేషరత్నం.

శేషరత్నానిది ఆఫీసు ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు. ముందు గదిలో మిషను, వెనక గదిలో కాపురం. యాభై మూడేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, మనిషి పుల్లలా ఉంటుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడకి నోటికొచ్చు. ఆవిడ తిన్నదా, పడుకున్నదా అని అడిగినవాళ్ళు మాత్రం లేరు. చంటి గేటుకి కట్టేసిన మొదటిరోజు అటెండర్లు పెట్టిన బన్నులు ముట్టుకోలేదు. రెండోరోజూ ముట్టుకోలేదు. మూడోరోజు శేషరత్నం చూసి చూసి, గిన్నెలో పెరుగన్నం కలుపుకుని రోడ్డు దాటి వెళ్ళింది. గిన్నె ఖాళీ అయ్యాక వాడు తల ఎత్తనక్కర్లేకుండానే ఆవిడ భుజం మీద పెట్టి ఒక్క నిట్టూర్పు విడిచాడు. ఆ తల బరువు చిన్నదేం కాదు. ఆవిడ కాసేపు కదల్లేకపోయింది, కదలాలనీ అనిపించలేదు. తన భుజానికి తన టేపు తప్ప ఇంకొకటి తగిలి ఎన్నాళ్ళయిందో లెక్కేసుకోబోయి, వద్దులే అని మానేసింది.

ఇంటికొచ్చి ఆవిడ ఆ మధ్యాహ్నమే పని మొదలెట్టింది. మిషను బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది, తోక విసురుకి బాబిన్ల డబ్బా ఎగిరిపోకుండా. కింది అరలో గాజు సామాన్లు పై అరలోకి మార్చింది. వాడి మోచేతులు ఒరుసుకుపోకుండా పాత గోనెసంచులు నాలుగు పొరలుగా కలిపి బొంత కుట్టింది. పక్కింటి మిక్చర్ బండి సన్యాసమ్మని అభ్యంతరమేమైనా ఉందా అని అడిగింది. పశువుల ఆసుపత్రి కాంపౌండర్ని కీళ్ళ నొప్పుల సంగతి అడిగింది. ఊరెళ్తే ఎవరు చూస్తారంటే, ఆవిడ ఊరెళ్ళి పదహారేళ్ళయింది కనుక ఆ బెంగ లేదు. ఇవన్నీ దరఖాస్తుతోపాటు చెప్పుకుంది.

దైవాధీనంగారు కంగారుపడ్డారు. "అన్నీ చేసేశారా రత్నమ్మగారూ? ఆలోచించకుండానే?"

"ఆలోచించే చేశానండి."

"రిజిస్టర్లో లేదు కదమ్మా."

రెండో కౌంటర్లో ఉన్న గుమాస్తా ఇంకో సంగతి చెప్పాడు. గేటు దగ్గర ఉంచిన జీవిని ప్రభుత్వం నలభై అయిదు రోజులకి మించి పోషించదు. ఈలోగా ఎవరూ తీసుకెళ్ళకపోతే పక్క మండలంలో ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేస్తారు. పెళ్ళికి వచ్చేవాళ్ళు ఫొటోలు దిగడానికి స్వాగత ద్వారం కింద గొలుసుతో నిలబెడతారట. శేషరత్నం గేటు వైపు చూసింది. వీధిలో పిల్లలు చిన్న టపాకాయ పేలిస్తేనే చంటిగాడు వణికిపోయి ఆఫీసు గోడలోకి దూరబోయాడు. ఆ ద్వారం కింద బాణసంచా, డప్పులు, డీజే, రోజుకో పెళ్ళి.

"మరి వాళ్ళు ముప్పై మూడు గంటలు ఆలోచించొద్దా అండీ?"

"వ్యక్తులైతే ఆలోచించాలమ్మా. వాళ్ళది సంస్థ. సంస్థలకి ఆలోచన నుంచి మినహాయింపు ఉంది" అన్నాడు గుమాస్తా, ఇంతచిన్న సంగతి తెలీదా అన్నట్టు.

అప్పటికి నలభై అయిదు రోజుల్లో పదమూడే మిగిలాయి. రెండు ఆదివారాలు పోతే పదకొండు. అంశాలు కూడా పదకొండే. శేషరత్నం కొట్టుకి మధ్యాహ్నం దాకా సెలవు అని అట్ట కట్టి, మర్నాడు పదిన్నరకల్లా మందిరంలో కూర్చుంది.

మొదటి అంశం చోటు. రిజిస్టర్లో టైము వేసి దైవాధీనంగారు "ప్రారంభించండమ్మా" అన్నారు. శేషరత్నం కళ్ళు మూసుకుని తెరిచింది.

"అయిందండి. వెనక గది పదకొండడుగులు, వాడు ముక్కు నుంచి తోకదాకా ఏడడుగులు. నేను మంచం ఎత్తేసి చాప వేసుకుంటా."

"ఇంకా రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాలుందమ్మా."

ఆవిడ అయిదు నిమిషాలు చూసింది. తర్వాత సంచీలోంచి ఒక జాకెట్టు తీసి హుక్కులు కుట్టడం మొదలెట్టింది. దైవాధీనంగారు అడ్డు చెప్పలేక చెప్పలేక వెళ్ళి కమిషనర్‌గారిని అడిగారు: మనిషి ఆలోచిస్తున్నదీ లేనిదీ తెలుసుకునేదెట్లా సార్ అని. కమిషనర్‌గారు ఆ ప్రశ్నని మెచ్చుకున్నారు. సాయంత్రానికి వివరణ ఉత్తర్వు వచ్చింది. "ఆలోచన అనగా: స్థిరాసనము, నిశ్చల హస్తములు, అర్ధనిమీలిత నేత్రములు, మధ్య మధ్య దీర్ఘ నిశ్వాసము. ఈ నాలుగింటిలో ఏది లోపించినను అట్టి కాలము ఆలోచనగా పరిగణింపబడదు."

శేషరత్నానికి అక్కడే వచ్చింది చిక్కు. పదమూడో ఏట మిషను తొక్కడం నేర్చిన దగ్గర్నుంచీ ఆవిడకి చేతులు ఆడితేనే బుర్ర ఆడుతుంది. సూది లాక్కుంటే కొంగు అంచు మడతపెడుతుంది. కొంగు వదిలెయ్యమంటే బెంచీ మీద దారప్పోగులు ఏరుతుంది. ఏరొద్దంటే ఎదురుగా కూర్చున్న దైవాధీనంగారి చొక్కా భుజాన్ని చూపుతోనే కొలిచి, గాల్లో వేళ్ళతో కత్తిరిస్తుంది. ప్రతిసారీ ఆయన బాధపడుతూనే పావుగంట కొట్టేసేవారు.

ఇది ఇలా ఉండగా, ఆవిడ లోపల కూర్చుంటే చంటిగాడు గేటు దగ్గర ఒకటే ఏడుపు. ఆ ఏడుపుకి పన్నుల విభాగంలో కూడికలు తప్పుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. రెండోరోజు నుంచి వాడిని కూడా మందిరంలోకి తెచ్చి శేషరత్నం పక్కన కూర్చోబెట్టారు. అక్కడే దైవాధీనంగారి అలవాటు పని చేసింది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయన రిజిస్టర్లో ఒక్క గడి ఖాళీగా వదిలిన పాపాన పోలేదు. మందిరంలోకి వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ, వచ్చిన టైమూ, అంశమూ, వెళ్ళిన టైమూ రాయాలని పైపేజీలో ఉంది. వచ్చింది మనిషే అయ్యుండాలని ఎక్కడా లేదు. ఆయన వెనక్కీ ముందుకీ రెండుసార్లు చదివి, క్రమసంఖ్య రెండులో "చంటి" అని రాశారు. వరస చెడకుండా మొదటిరోజు అంశమైన చోటు కూడా రెండోరోజు సాయంత్రం దాకా కూర్చోబెట్టి పూర్తి చేయించారు. సంతకం గడి దగ్గర ఆగారు. స్టాంపు ప్యాడు తెచ్చి, వాడి పంజా అద్దించి, ఆ గడి చాలక పక్క రెండు గడులు కూడా వాడుకున్నారు.

వాడు కూర్చున్న తీరు చూసి ఆఫీసంతా ఒకసారి వచ్చి చూసిపోయింది. వెనక కాళ్ళ మీద కూర్చుని, ముందు కాళ్ళు కదలకుండా పెట్టి, కళ్ళు సగం మూసి, శేషరత్నాన్నే చూస్తూ ఉండేవాడు. పావుగంటకొకసారి ఫ్యాను గాలిని మించిన నిట్టూర్పు. స్థిరాసనం, నిశ్చల హస్తాలు, నేత్రాలు, నిశ్వాసం, నాలుగూ ఉన్నాయి. దైవాధీనంగారు రిమార్కుల గడిలో "ఆలోచించబడినది" అని రాశారు. పక్కనే శేషరత్నం గడిలో "గం. 1-45 మాత్రమే" అని రాసి, తల తిప్పుకున్నారు.

ఈలోగా ఉత్సాహం పట్టణమంతా పాకింది. ఒక్క కుక్క విషయంలోనే ఇంత ఆలోచన అవసరమైతే మిగతా విషయాల మాటేమిటి అన్నారు కమిషనర్‌గారు. కుళాయి కనెక్షనుకి ఆరు గంటలు. ఇంటి గోడకి సున్నం వేయించాలంటే తొమ్మిది. పిల్లల పేరు నమోదుకి పన్నెండు, అదీ తల్లిదండ్రులిద్దరూ వేర్వేరుగా. పెళ్ళి రిజిస్టరు చేయించుకోవడానికి వచ్చిన ఒక జంట పక్కపక్కనే కూర్చుని మూడు గంటలు ఆలోచించి, ఆయన ముందు తలుపు లోంచి, ఆవిడ వెనక తలుపు లోంచి వెళ్ళిపోయారు. దాన్ని కమిషనర్‌గారు నియమావళి సాధించిన మొదటి విజయంగా పై అధికారులకి రాశారు.

అయిదోరోజు బజారు వీధిలో మంచినీళ్ళ పైపు పగిలింది. బాగు చేసే ముందు ఆలోచించాలి కనుక ఇంజనీరుగారు వచ్చి శేషరత్నం పక్కన కూర్చున్నారు. వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయని ఎవరో కిటికీ లోంచి అరిచారు. "మాట్లాడించకండి, మళ్ళీ మొదట్నుంచీ లెక్క పెడతారు" అన్నారాయన, కళ్ళు తెరవకుండా. రెండు గంటలు గడిచాక నిద్రపోయారు. గురక దీర్ఘ నిశ్వాసం కిందికి వస్తుందా రాదా అని దైవాధీనంగారు స్పష్టత కోరుతూ ఫైలు పెట్టారు.

వార్డు మెంబర్లు కూడా తీర్మానానికి ముందు నాలుగేసి గంటలు ఆలోచించాలన్నారు. సమావేశం ఆలోచనతో మొదలై ఆలోచనతోనే వాయిదా పడింది. వారం మొత్తం మీద పట్టణంలో ఒక్క తప్పుడు నిర్ణయం కూడా జరగలేదని కమిషనర్‌గారు ప్రకటించారు. అది నిజమే. ఏ నిర్ణయమూ జరగలేదు. జిల్లా వాళ్ళు ముచ్చటపడి, "ఉత్తమ ఆలోచనా పురపాలక సంఘం" బిరుదు గుండ్లవాగుకే ఇద్దామనుకుంటున్నామనీ, పన్నెండోరోజున బృందం వస్తుందనీ, మొదలు నుంచి చివరి దాకా ఆలోచన పూర్తయిన కేసు ఒకటి రిజిస్టర్లో చూపిస్తే చాలుననీ రాశారు.

పదకొండోరోజు వచ్చింది. చివరి అంశం ఆయుర్దాయం.

అప్పటికి శేషరత్నం ఖాతాలో గంటలు పదహారే పడ్డాయి. అయినా ఆవిడ ఆశ వదల్లేదు. చివరిరోజు మూడు గంటలూ శుభ్రంగా కూర్చుంటే, మిగతావాటికి దయదలచమని కమిషనర్‌గారి కాళ్ళావేళ్ళా పడదామనుకుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

దైవాధీనంగారు నియమావళి చదివి వినిపించాలి, అది ఆయన డ్యూటీ. "ఈ జాతి శునకములు ఏడెనిమిది సంవత్సరములకు మించి జీవించుట అరుదు. సదరు శునకమునకు ఇప్పటికే మూడున్నర సంవత్సరములు. దత్తత కోరువారు ఈ విషయమై ముందుగానే ఆలోచించవలెను." చదివేసి ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

శేషరత్నం ఆలోచించింది. ఈ పదకొండు రోజుల్లో మొదటిసారి ఆవిడ చేతులు ఆడకుండానే బుర్ర ఆడింది. ఇంకో నాలుగేళ్ళు. ఎక్కువైతే అయిదు. వాడు ముసలాడై, కీళ్ళు పట్టేసి, బొంత మీంచి లేవలేని రోజు. లేపడానికి తన ఒంట్లో బలం చాలని రోజు. ఆ తర్వాత ఖాళీ బొంత. ఇటుకల మీద ఎత్తుగా నిలబడ్డ మిషను బల్ల. గంటన్నర గడిచింది. అంతసేపు అంత కదలకుండా గుండ్లవాగులో ఎవరూ కూర్చోలేదు. చంటిగాడు ముఖంలోకి చూసి చూసి, కూర్చున్న చోటు నుంచి కదలకుండానే మెడ చాచి, తల తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. శేషరత్నానికి ఏడుపు ఆగలేదు. ఎడమ చెయ్యి బయటికి తీసి కళ్ళు తుడుచుకుంది.

మందిరం గుమ్మంలో అప్పుడే కమిషనర్‌గారు తనిఖీకి వచ్చి నిలబడ్డారు.

"హస్తచలనం. పైగా భావోద్వేగం. ఆలోచన వేరు, భావోద్వేగం వేరు. ఈ రెండింటినీ కలపరాదని శిక్షణలో స్పష్టంగా చెప్పారు. ఈ పూట మొత్తం కొట్టివేయండి" అన్నారు.

"సార్, కళ్ళు తుడుచుకున్నారండి, అంతే" అన్నారు దైవాధీనంగారు.

"తుడుచుకునే ముందు ఆలోచించాలి కదా!"

శేషరత్నం లేచింది. పదకొండు రోజులు ఏమీ అనని మనిషి ఆ పూట అన్నది. "సార్, నా చేతులు చూడండి. ఈ ఊళ్ళో సగంమంది ఒంటి మీద బట్ట ఈ చేతులే కుట్టాయి. ఒక్క కుక్కపిల్లకి అన్నం పెట్టడానికి ఇవి పనికిరావా? ఆ టపాకాయల మధ్య వాడు బతకడండి. మీరు ఆలోచించారా ఆ సంగతి?"

కమిషనర్‌గారు సౌమ్యంగా నవ్వారు. "నాకు మినహాయింపు ఉందమ్మా" అని వెళ్ళిపోయారు. దైవాధీనంగారు శేషరత్నం గడి కొట్టేసి, చంటిగాడిని మాత్రం మిగతా గంటన్నరా కూర్చోబెట్టి టైము వేశారు.

మర్నాడు పదిగంటలకి ఫంక్షన్ హాలు మేనేజరు గవర్రాజు వ్యాను వేసుకుని దిగాడు. బంగారు రంగు గొలుసు, కుక్క మెడకి పట్టే వెల్వెట్ పట్టీ తెచ్చాడు. పట్టీ మీద "సుస్వాగతం" అని జరీతో కుట్టి ఉంది. కుట్టు వంకరగా ఉందని శేషరత్నం అంత దుఃఖంలోనూ గమనించింది. చంటిగాడు వ్యాను చూసి ఆవిడ వెనక దాక్కోవాలని చూశాడు. దాగలేదు, నాలుగు పక్కలా కనపడుతూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే జిల్లా బృందం జీపు దిగింది. ముగ్గురు అధికారులు నేరుగా మందిరంలోకి వెళ్ళి రిజిస్టర్ తెరిచారు. కమిషనర్‌గారు వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. పేజీలు తిరిగాయి. కుళాయి దరఖాస్తుదారు సగంలో లేచిపోయారు. సున్నం కేసు రెండోరోజు రాలేదు. పేరు నమోదు తల్లి పూర్తిచేసింది, తండ్రి చెయ్యలేదు. ఇంజనీరుగారిది స్పష్టత కోసం పెండింగు. 

"ఇదుగో!" అన్నారు బృందంలో పెద్దాయన. "క్రమసంఖ్య రెండు. పదకొండు అంశాలు, ముప్పై మూడు గంటలు, ఒక్క నిమిషం కోత లేదు! రోజూ వేలిముద్ర. అబ్బ, ఎంత గట్టి మనిషండీ. ఎవరీ చంటి?"

బయట తోక తగిలి ఒక సైకిలు పడిన చప్పుడైంది.

కమిషనర్‌గారు దైవాధీనంగారిని పక్కకి లాగారు. "ఏమిటిది? కొట్టెయ్యండి."

దైవాధీనంగారు ముప్పై ఒక్క ఏళ్ళుగా మాట్లాడిన గొంతుతోనే మాట్లాడారు. "కొట్టేస్తానండి. కొట్టేస్తే పూర్తయిన కేసు లేదండి, బిరుదు లేదండి. ఉంచితే మాత్రం నియమావళి పేజీ నాలుగు, పేరా రెండు చూడాలండి. పూర్తిగా ఆలోచించిన పక్షానికి ఇరవై నాలుగు గంటల్లోగా దత్తత ఉత్తర్వు ఇవ్వాలని ఉందండి. ఆ పక్షం మనిషా, కుక్కా అని రాయలేదండి."

"కుక్క దత్తత తీసుకుంటుందా?"

"ఆలోచించింది వాడే కదండి."

"ఎవర్ని?"

దైవాధీనంగారు వీధిలోకి చూశారు. "ఆలోచించినంతసేపూ వాడు చూసింది ఒక్కరినేనండి. ఆవిడ బరువు కూడా తూయించానండి, నలభై నాలుగు. నలభై అయిదు లోపే కాబట్టి ఆవిడ భారీ కిందికి రారు. అసలు అభ్యంతరమే లేదండి."

కమిషనర్‌గారు లోపలి బృందాన్ని చూశారు, బయటి వ్యానుని చూశారు. గుండ్లవాగు చరిత్రలో మొదటిసారి ఆయన ముందుగా ఆలోచించకుండా సంతకం పెట్టారు.

ఉత్తర్వు ఇలా ఉంది: "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, కార్యాలయ గేటు వద్ద నివసించు శ్రీ చంటి, వయస్సు మూడున్నర సంవత్సరములు, బరువు అరవై ఎనిమిది కిలోలు, నియమానుసారము సంపూర్ణముగా ఆలోచించిన మీదట, ఎదురు కొట్టులో దర్జీపని చేయు కుమారి శేషరత్నం, వయస్సు యాభై మూడు సంవత్సరములు, బరువు నలభై నాలుగు కిలోలు, అను ఆమెను దత్తత స్వీకరించుటకు అనుమతించడమైనది. సదరు శేషరత్నం పోషణ, రక్షణ బాధ్యతలు నేటినుండి శ్రీ చంటి వహించవలెను."

గవర్రాజు గొలుసు పట్టుకుని పోట్లాడాడు. మాకు మినహాయింపు ఉందన్నాడు. "కుక్కల విషయంలో ఉందండి" అన్నారు దైవాధీనంగారు. "వీరు ఇప్పుడు కుటుంబ పెద్ద. కుటుంబ పెద్దని ద్వారం కింద కట్టెయ్యడానికి మీ సంస్థకి ఏ రూలు కింద అధికారం ఉందో రాతపూర్వకంగా ఇవ్వండి. ఇచ్చే ముందు ఆలోచించాలి, రేపు పదిన్నరకి రండి." వ్యాను ఖాళీగా వెనక్కి పోయింది.

శేషరత్నం ఉత్తర్వు రెండుసార్లు చదువుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన పేరు మీద ఇన్నేళ్ళలో రేషను కార్డు వచ్చింది, ఓటరు కార్డు వచ్చింది. ఫలానా వాళ్ళ మనిషి అని రాసిన కాగితం ఇదే మొదటిది. మడతపెట్టి మిషను సొరుగులో, మంచి కత్తెర పక్కన దాచుకుంది. తర్వాత తాడు ఒక కొన తను పట్టుకుంది. రోడ్డు దాటించింది మాత్రం చంటిగాడే.

నియమావళి ప్రకారం మూడు నెలలకొకసారి తనిఖీ ఉంటుంది. మొదటి తనిఖీకి దైవాధీనంగారు ఫారం పట్టుకుని కొట్టుకి వచ్చారు. చంటిగాడు బొంత మీద కూర్చుని, తల బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు. జాకెట్టు గుడ్డ వాడి చెవి మీద వేసి ఉంది. శేషరత్నం కాలు మిషను మీద ఆడుతూనే ఉంది.

ఆయన స్టూలు మీద కూర్చుని, కుటుంబ పెద్ద వైపు తిరిగి, ఒక్కొక్క అంశమే అడిగారు. దత్తురాలికి చోటు చాలుచున్నదా? చంటిగాడు నిట్టూర్చాడు. చాలుచున్నది. తిండి? నిట్టూర్పు. సంతృప్తికరం. ఇరుగుపొరుగుతో వివాదములు? సన్యాసమ్మ బండి మీంచి ఒక పకోడీ విసిరింది, వాడు గాల్లోనే అందుకున్నాడు. లేవు. అలా పది గడులు నిండాయి.

పదకొండో గడి దగ్గర ఆయన గొంతు సవరించుకున్నారు. "దత్తత స్వీకరించినవారు దత్తురాలికన్నా ముందుగా మరణించు పక్షమున, ఆమె విషయమై ఏమి ఆలోచించితిరి?"

మిషను ఆగిపోయింది.

శేషరత్నం రెండు చేతులూ బల్ల మీద, గుడ్డ మీద, అలాగే ఉండిపోయాయి. కళ్ళు సగం వాలాయి. దారం సూదిలో సగం దూరి ఆగింది. బయట రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది, ఆవిడ తల తిప్పలేదు. దైవాధీనంగారు అలవాటు కొద్దీ గడియారం చూసుకున్నారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. చివర ఒక నిట్టూర్పు వచ్చింది. అది చంటిగాడిది కాదు.

ఆయన సంచీలోంచి పాత రిజిస్టర్ తీశారు. క్రమసంఖ్య ఒకటి, పదకొండో అంశం, కొట్టివేసిన గడి పక్కన కాస్త ఖాళీ ఉంది. అక్కడ చిన్న అక్షరాలతో "ఆలోచించబడినది" అని రాసి, మూసేశారు.

చంటిగాడు ముక్కుతో గుడ్డని ఆవిడ చేతి కిందికి తోశాడు. "ఆఁ, కుడుతున్నాలేరా నాన్నా, కుడుతున్నా" అని శేషరత్నం మళ్ళీ మిషను తొక్కింది.